మూడు దింపుల దూరం

మా పేట బస్ స్టాపుని నూకాలే ఎత్తేయించిందని ఒక మాట పుట్టింది. పుట్టించినవాళ్ళు ఇప్పుడు నోరు మూసుకున్నారు గాని, మాట ఆగలేదు. మొన్న భీమిలి బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ ఎవరో నాకే దాన్ని కొత్త కబురులా చెప్పింది. నూకాలు అల్లుడు ఆటో కొన్నాడట. స్టాపు లేకపోతే పేటలో చేపల తట్టలన్నీ ఆ ఆటోలోనే ఎక్కుతాయట. అందుకని నూకాలు సర్వే కుర్రాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి, టీ పోసి, తనకి కావలసినట్టు రాయించి పంపిందట.

ఇన్ని 'అట'లు ఒక్క నోట్లో ఎలా పట్టాయో! అసలు సంగతి నేను రాస్తాను. భీమిలి దాకా పోయిన అబద్ధం వెనక నిజం కనీసం మా పేట పక్కన పారే గెడ్డ దాకా అయినా వెళ్ళాలి కదా.

అల్లుడి సంగతి ముందు తేల్చేద్దాం. అతను ఆటో నడిపేది గాజువాకలో. ఆ ఆటో మా పేటకి రెండేళ్ళలో మూడుసార్లు వచ్చింది. అందులో ఒకసారి ఇసుకలో దిగబడిపోతే వెనకనుంచి తోసింది మహేశ్వరి మొగుడు. ఈ మాట పుట్టించింది ఆ మహేశ్వరే. తనూ చేపలమ్మే మనిషే, నూకాలుకి మూడిళ్ళ అవతల. తన మొగుడు తోసిన ఆటో ఎక్కడ తిరుగుతుందో తనకి తెలియకా? తెలుసు. తెలిసినా చెప్పదు, చెబితే కథ చప్పబడిపోతుంది.

టీ పోసిన మాట మాత్రం నిజం. నేనూ తాగాను. చెరుకు పానకంలా ఉంది.

నూకాలుది భీమిలి వైపు. పదహారో ఏట దాలయ్యని చేసుకుని మా పేటకి వచ్చింది. అప్పటికి నేను గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగి పెళ్ళాంగా వచ్చి రెండేళ్ళయింది. మా ఇల్లు పేట మొదట్లో, రోడ్డు వైపు. వాళ్ళది చివర, ఒడ్డు మీద. ఆ మనిషి ఎటు పోవాలన్నా నా గుమ్మం ముందునుంచే పోవాలి. అంచేత ముప్పై ఎనిమిదేళ్ళ నూకాలు బతుకులో నాకు తెలియనిది తక్కువ. తెలియనిది ఉంటే అడుగుతాను.

మొగుడు దాలయ్య సముద్రంలో మాట్లాడతాడేమో గాని ఒడ్డున మాట్లాడగా నేను వినలేదు. మాటలన్నీ నూకాలువే. తెల్లవారుజామున ఐదింటికి పడవలు ఒడ్డెక్కుతాయి. వేలంపాట పాడి సరుకు తీసుకుని, తట్ట నింపుకుని, చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, ఐదూ నలభై బస్సు పట్టుకుంటుంది. ఆరున్నర కాకుండా సీతమ్మధారలో ఉంటుంది. ఆ వీధుల్లో అన్నీ డాక్టర్ల ఇళ్ళు, లాయర్ల ఇళ్ళు. మొదటి తరం కోడళ్ళు అత్తలై, వాళ్ళ కోడళ్ళు కూడా నూకాలు కేక వింటేనే గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వస్తారు. వంజరం, చందువ, కానాగంతలు, ఏది ఏ ఇంటిదో తట్టలో వేసేటప్పుడే దానికి తెలుసు.

ఇక తట్ట గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ముప్పై కిలోల తట్టని నెత్తిమీంచి దించుకోవడం ఒక్కరి వల్ల అవుతుంది. నేలమీంచి ఎత్తుకోవడం అవదు. ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. అందుకని మా పేట ఆడవాళ్ళు దూరాన్ని మీటర్లలో చెప్పుకోరు. దింపుల్లో చెప్పుకుంటారు. మెడ ఆగలేక తట్ట నేల మీద పెట్టి, మళ్ళీ ఎత్తేవాళ్ళు దొరికేదాకా నిలబడిపోతే అది ఒక దింపు. దింపు లేని దూరం దగ్గర. ఒక దింపు ఉంటే ఓర్చుకోవచ్చు. రెండు దాటితే ఆ బేరం మానుకోవడమే నయం.

ఒడ్డు నుంచి మా పాత స్టాపుకి దింపు లేదు. ఆ స్టాపు అంటే పెద్ద భవంతేమీ కాదు. ఒక స్తంభం, దానికి తుప్పు రేకు, పక్కన నడుమెత్తు సిమెంటు దిమ్మ. దాని మీద మనుషులెవరూ కూర్చోగా చూడలేదు. తట్టలు కూర్చునేవి. నడుమెత్తు మీద ఉన్న తట్టయితే ఒంటరి ఆడది కూడా నెత్తికి జార్చుకోగలదు. ఆ దిమ్మ ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో తెలియదు గాని, బస్సుల వాళ్ళు ఇన్నేళ్ళలో చేసిన మంచిపని అదొక్కటే. అది కూడా తెలియక చేసి ఉంటారు.

కిందటి ఏడు కార్తీకంలో ఉదయ్‌కుమార్ అనే కుర్రాడు వచ్చాడు. మెడలో కార్డు వేలాడుతోంది. 'ప్రజా రవాణా స్టాపులకు కాలినడక అందుబాటు సర్వే' అని రాసి ఉంది. నేను చదివింది ఐదో తరగతే అయినా కార్డులు వదలను. చేతిలో పలక లాంటి ఫోను. అందులో మా పేట పటం. పేట మధ్యలో ఒక చుక్క పెట్టి, చుట్టూ గుండ్రంగా గీత గీశారు.

"ఈ గీతలోపల ఉన్న ఇళ్ళన్నిటికీ స్టాపు నడిచే దూరంలో ఉన్నట్టు ఆంటీ," అన్నాడు.

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ఆ గుండ్రంలో సగం సముద్రం. అంటే మా వైపు చేపలకి కూడా బస్సు దగ్గరే అన్నమాట. రెండో సగంలో గెడ్డ, గెడ్డ అవతల అపార్టుమెంట్ల పొడుగాటి ప్రహరీగోడ, ఆ గోడ అవతల ఇంకో స్టాపు. గీత గెడ్డ మీంచీ గోడ మీంచీ కాకిలా ఎగిరిపోయి ఆ స్టాపుని తన కడుపులో వేసుకుంది.

"నాయనా, గోడ ఎక్కి దూకమంటావా?" అన్నాను.

"అందుకే కదా ఆంటీ ఇంటింటికీ వచ్చి అడుగుతున్నాం. మనుషులు చెప్పిందే ఫైనల్."

అలా మొదట అడిగింది నూకాలునే. దాని ఇల్లు ఒడ్డున మొదటిది, తలుపు తీసి ఉంది, టీ పొయ్యి మీద ఉంది. అంతకంటే కుట్రేమీ లేదు. నేనూ వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"అమ్మా, ఇక్కడి నుంచి బస్ స్టాపుకి నడిచి ఎంతసేపు?"

"ఐదు నిమిసాలు బాబూ."

"గెడ్డ దాటాక ఇంకో స్టాపు ఉంది కదా. అక్కడికి?"

"అదీ ఐదు నిమిసాలే."

"రెండూ ఐదేనా?"

"ఏటనుకున్నావ్ బాబూ మమ్మల్ని? ఇలాగ ఒడ్డున వల దించుతారు, అలాగ మాం బస్సెక్కీత్తాం. తట్టలో సేప ఇంకా కొట్టుకుంతానే ఉంటాది."

కుర్రాడు మురిసిపోయి రాసుకున్నాడు. నేను నవ్వాను. నవ్వకుండా దాని చెయ్యి గిల్లి ఉంటే సరిపోయేది.

ఎందుకంటే అది వాడికి చెప్పిన జవాబు కాదు. ముప్పై ఏళ్ళుగా సీతమ్మధార గేట్ల దగ్గర చెప్పే జవాబు. చేపలమ్మేదాన్ని 'ఎంతసేపయింది తెచ్చి?' అని ఎవరు అడిగినా నోరు దానంతటదే 'ఐదు నిమిషాలు' అంటుంది. దూరం అంటే నిలవ. నిలవ అంటే మెత్తబడ్డ చేప. ఒడ్డు నుంచి బస్సుకి అరగంట అని చెప్పడమూ, నా చేప కుళ్ళిందని చెప్పడమూ వాళ్ళకి ఒకటే. పైగా ఆ కుర్రాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా కనిపిస్తే కొనేవాడే అనుకుంటారు.

ఆ మధ్యాహ్నం ఇరవై ఏడు ఇళ్ళు తిరిగాడు. ఇరవై ఐదు ఇళ్ళలో ఐదు నిమిషాలే. మహేశ్వరి అయితే పోటీకి పోయి, "మాకు నాలుగే" అంది. ఇరవై ఏడోది మా ఇల్లు. గెడ్డ అవతలి స్టాపుకి ఇరవై నిమిషాలు పడుతుందని చెప్పాను.

"మోకాళ్ళ నొప్పులా ఆంటీ?" అని జాలిగా అడిగి ఏదో మీట నొక్కాడు. నా ఇరవై నిమిషాలూ మోకాళ్ళ జబ్బు కింద పోయాయి.

సంక్రాంతి వెళ్ళాక స్తంభానికి కాగితం అంటించారు. 'ఐదు నిమిషాల నడక దూరంలో వేరొక స్టాపు ఉన్నందున ఈ స్టాపును అందులో కలుపుతున్నాము' అని. వారం తిరక్కుండా జేసీబీ వచ్చింది. స్తంభం పీకింది, రేకు పీకింది, పనిలో పనిగా దిమ్మ కూడా పెళ్ళగించి పోయింది. ఇంత బుద్ధి ఉన్న యంత్రాన్ని నేను చూడలేదు. సరిగ్గా అక్కరకొచ్చేదాన్ని వెతికి మరీ తీసింది.

కొత్త దారి ఎలా ఉంటుందంటే, సందు చివర రోడ్డెక్కాలి. అక్కణ్ణుంచి గెడ్డ వంతెన. దానికి మనుషులు నడిచే చోటు పెట్టలేదు, లారీ గాలికి చీర చెంగు ఎగురుతుంది. వంతెన దాటగానే మెట్ట ఎక్కుడు. ఎక్కాక అపార్టుమెంట్ల గోడ మొదలవుతుంది. అది ఎంతకీ అయిపోదు. గోడ చివర స్టాపు కనబడుతుంది గాని దాని ముందు ఇనప కమ్మీలు కట్టారు. వాటిని చుట్టి వెనక్కి వస్తే అప్పుడు స్టాపు. షెడ్డు మాత్రం మెరిసిపోతుంది. కూర్చోడానికి ఒక గుండ్రటి స్టీలు గొట్టం పెట్టారు. మనిషి కూర్చుంటే జారుతాడు, తట్ట పెడితే దొర్లుతుంది.

పడవ ఐదింటికి ముందు రాదు. పడవ రాకుండా తట్ట నిండదు. కాబట్టి పొద్దున్నే లేచి పోవచ్చుగా అనే తెలివైనవాళ్ళు కాస్త ఆగండి. ఐదూ నలభై బస్సు నూకాలుకి అందడం మానేసింది. తరవాతి దాంట్లో కాలేజీ పిల్లలు కిక్కిరిసి ఉంటారు, చేపల నీళ్ళంటే కండక్టరు ఎక్కనివ్వడు. ఇక సీతమ్మధార చేరేసరికి ఎనిమిది. అప్పటికే ఐసు పెట్టెల్లో చేపలమ్మే వ్యాను పాట వేసుకుంటూ ఆ వీధులన్నీ తిరిగి పోయేది. కోడళ్ళు పొయ్యి మీద కూర కలుపుతూ, "రేపు త్వరగా రా నూకాలమ్మా" అనేవారు. నూకాలు మిగిలిన కానాగంతలు తెచ్చి ఒడ్డున ఎండేసేది. తాజా చేప అమ్మిన చేతికి ఎండుచేప అంటే ఎంత చిన్నతనమో, పేటలో ఎవరిని అడిగినా చెబుతారు. రెండు నెలలు గడిచాయి. ఇంకో రెండు నెలలు గడిస్తే ఆ గేట్లు తనవి కావు.

మిగతా ఆడవాళ్ళకీ అదే గతి. అప్పుడు పుట్టింది ఆటో మాట. తమ నోటి ఐదు నిమిషాలు ఎవరికీ గుర్తు లేవు. "మొదట సెప్పింది ఎవులు? నూకాలు. టీ ఇచ్చీసింది ఎవులు? నూకాలు," అని మహేశ్వరి కుళాయి దగ్గర వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. "మాం దాని ఎనకాల అన్నాం అంతే." వెనకాల అంటే తప్పు లేదట! గొర్రెలకి కూడా ఇంతకంటే సిగ్గుంటుంది.

నూకాలు ఒక్క మాటా అనలేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. కేకేస్తే రెండు వీధులు వినిపించే గొంతు, తనమీద నింద పడ్డప్పుడు ఎండుచేపలా బిగుసుకుపోయింది.

ఫాల్గుణంలో అల్పపీడనం పట్టింది. మూడు రోజులు పడవలు కదల్లేదు. మగాళ్ళు పడవల నీడన పేకాట, ఆడాళ్ళు గుమ్మాల్లో కబుర్లు. మొదటిరోజు తెల్లారేసరికి కొత్త కబురు: నూకాలు తట్టనిండా తడి ఇసుక పోసుకుని రోడ్డు మీద తిరుగుతోంది, మతి చెడింది. రెండోరోజు తెల్లవారుజామున నేను గుమ్మంలో కాచుకున్నాను. ఐదుంబావు దాటాక వచ్చింది. నెత్తిన తట్ట, తట్టలో ఇసుక, కొంగున ముగ్గుపిండి పొట్లం. వెనకాలే బయలుదేరాను.

వంతెన దాటి మెట్ట మొదట్లో తట్ట దించింది. ముగ్గుపిండి తీసి రోడ్డు అంచున ఒక గీత గీసింది. గీసి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏంటే నూకాలూ, ఇసకెందుకే?"

"ఓలమ్మ, నువ్వా పిన్నీ! దడుసుకున్నాను. ఏటీ నేదు. ఒట్టిదే."

"ముప్పై కిలోల ఒట్టిదా? పద, చెయ్యి వేస్తాను, ఎత్తుకో."

"నువ్వు ఎత్తకు!" అని కసిరింది. "రోజూ నువ్వుంటావేటి ఇక్కడ? ఎవులైనా వచ్చినదాకా ఆగాల. అప్పుడే కదా నిజంగా ఎంతసేపో తెలిసీది."

అప్పుడు అర్థమైంది నాకు. గడియారం చూసుకుంటూ ఎదురుగా గట్టు మీద కూర్చున్నాను. లారీలు పోయాయి. ట్రాక్‌ప్యాంటు వేసుకుని పరిగెత్తే ఒకతను చెవుల్లో ఏదో పెట్టుకుని మా మధ్యనుంచే పోయాడు. తొమ్మిది నిమిషాలకి పాలబ్బాయి సైకిలు ఆపి చెయ్యి వేశాడు. గోడ మధ్యలో ఇంకో దింపు, ఇంకో గీత. అక్కడ ఆరు నిమిషాలు. ఇనప కమ్మీల దగ్గర మూడోది. మొత్తం చేరేసరికి ఐదూ నలభై తొమ్మిది. తట్టతో ఒడ్డున బయలుదేరింది ఐదుంబావుకి అని చెప్పింది.

"ముప్పై నాలుగు నిమిషాలే," అన్నాను.

"నిన్నా అంతే. ఒకటి అటూ ఇటూ," అంది.

సర్వేకి వచ్చిన కుర్రాడు బడిలో ఎన్నేళ్ళు చదివాడో నాకు తెలియదు. ఈ మనిషి ఒక్కరోజూ చదవలేదు. సాయానికి వచ్చిన చెయ్యి లెక్క పాడు చేస్తుందని మాత్రం దీనికి తెలుసు.

"ఆ బాబుని ఇటు రప్పించు పిన్నీ. గీతలు సూపిత్తాను. ఆడే సూసి ఆడే రాసుకుంటాడు."

"ఫోన్లో చెప్పెయ్యొచ్చుగా? ముప్పై నాలుగు అని?"

నూకాలు ఇసుక రోడ్డు పక్కన బోర్లించి, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని వెనక్కి నడిచింది. దాని ఎత్తు నాకు అర్థమై నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తన నోటితో అనకుండా పని జరగాలి. రెండు పొద్దులు ఇసుక మొయ్యడానికి మెడ ఉంది గాని, ఒక్క అంకె పలకడానికి నాలుక లేదు.

స్తంభానికి అంటించిన కాగితం మీద ఒక ఫోన్ నంబరు ఉండేది. చింపి దాచాను. పదకొండుసార్లు చేశాను. మొదట ఒకావిడ, తరవాత ఒకాయన, తరవాత ఎవరిదో మిషను గొంతు. పన్నెండోసారి ఉదయ్‌కుమారే ఎత్తాడు. "నాయనా, మోకాళ్ళ నొప్పుల ఆంటీని," అన్నాను. గుర్తుపట్టాడు. మంగళవారం వచ్చాడు.

పేటంతా వెనకాల నడిచింది. పిలవని పెళ్ళికి వెళ్ళడానికి మావాళ్ళకి ఎవరూ సాటి రారు. ఉదయ్‌కుమార్ ముందు ఫోనులో గడియారం పెట్టుకుని ఖాళీ చేతులతో టకటకా నడిచి చూపించాడు.

"పదకొండు నిమిషాలు! సరే, ఐదు కాదు. కానీ మరీ ఎక్కువేం కాదు కదా."

"ఖాళీ చేతులతో బస్సెక్కి వీళ్ళు సీతమ్మధారలో ఏం అమ్మాలి నాయనా, నీ ఫోనా?" అన్నాను.

నూకాలు అతన్ని వెనక్కి మెట్ట మొదటికి తీసుకొచ్చి, మళ్ళీ ఇసుక నింపిన తట్ట అతని కాళ్ళ ముందు పెట్టింది. కుర్రాడు వంగి పట్టుకున్నాడు. తట్ట కదల్లేదు. ఇంకోసారి పట్టుకున్నాడు.

"ఏటి బాబూ, పొద్దున్న అన్నం తిన్నేదేటి?" అంది మహేశ్వరి. ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

ఇద్దరు చెయ్యి వేసి నెత్తికెత్తారు. పట్టుమని పాతిక అడుగులు వెయ్యలేదు. మెడ పాములా ఊగింది, తడి ఇసుక కాలర్లోకి దిగింది. "దించండి, దించండి!" అన్నాడు. దించాక ఊపిరి తీసుకుని మొదటి ముగ్గు గీత దగ్గరికి వెళ్ళి కింద కూర్చుని చూశాడు. నిజం చెప్పాలంటే అప్పటిదాకా నాకు ఆ కుర్రాడి మీద ఉన్న కోపంలో కొంచెం తగ్గింది. ఎక్కువ కాదు.

"ఇవి మీరు దించే చోట్లా అమ్మా?"

నూకాలు తలూపింది.

"ఎంతసేపు ఆగుతారు ఒక్కోచోట?"

నూకాలు నావైపు చూసింది. నేను ఆకాశంవైపు చూశాను. నేను చెబితే మళ్ళీ మోకాళ్ళ జబ్బు కింద రాస్తాడు.

"చూడండమ్మా," అన్నాడు కుర్రాడు లేచి, "మా ఫారంలో తట్టకి గడి లేదు. గీతలకీ లేదు. సమయానికే ఉంది. అందులో మీ జవాబు ఐదు అని ఉంది. అది ఉండగా నేను వేరేది ఎక్కిస్తే నేనే మార్చానంటారు. ముందు చెప్పింది తప్పు, అసలు ఇంత పడుతుంది అని మీ గొంతుతో చెప్పండి. రికార్డు చేసి పంపుతాను. ఐదు అన్నవాళ్ళలో ఒక్కరు అలా చెప్పినా ఈ స్టాపుని మళ్ళీ కొలవాలి. అది మా రూలు."

అని ఫోను నూకాలు మొహం ముందు పెట్టాడు. ఎర్రచుక్క వెలిగింది.

అంతవరకూ గోల చేసిన పేట ఫోను చుట్టూ మూగింది. మహేశ్వరి అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది.

"సెప్పకే నూకాలూ! పిచ్చి గాని పట్టిందేటి? ఫోన్లో ఎక్కిన మాట సీతమ్మధారకి బస్సు నేకుండానే ఎలిపోద్ది. ఒడ్డు నుంచి రోడ్డుకే అరగంటయితే మా గుమ్మంలోకి వచ్చినప్పటికి సేపేటవుద్ది అనరేటి? నీ బేరం పోద్ది, మా బేరాలూ పోతాయి."

"అవునే, సెప్పకు," అని వెనకనుంచి ఇంకో ఇద్దరు.

చూశారా వీళ్ళ నీతి! రెండు నెలలుగా స్టాపు తీయించావని దాన్ని కాల్చుకు తిన్నవాళ్ళు, స్టాపు తెచ్చే మాట నోటి చివర ఉండగా నోరు మూసుకోమంటున్నారు. వీళ్ళ కోసం ఎవరైనా ఏ మంచిపనైనా ఎందుకు చెయ్యాలి? అయితే మహేశ్వరి అన్నదాంట్లో అబద్ధం మాత్రం లేదు. సీతమ్మధార గేట్లు నూకాలు మాట మీదే తెరుచుకునేవి. ఆ మాటే ఇప్పుడు తన నోటితో తనే కొట్టెయ్యాలి. కొట్టెయ్యకపోతే స్టాపు లేదు, గేట్లు ఎలాగూ వ్యానుకి పోతాయి. ఎటు పోయినా ఆ మనిషికే దెబ్బ.

నూకాలు చుట్టకుదురు తీసి విదిలించింది. మళ్ళీ చుట్టింది. మళ్ళీ విప్పింది. ఫోను పట్టుకున్న చెయ్యి నొప్పి పుట్టి, కుర్రాడు దాన్ని రెండో చేతికి మార్చుకున్నాడు.

ఇక నాకు ఓపిక పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా దాని దగ్గర చేప కొంటున్నాను. ఎప్పుడు తెచ్చావే అని ఎన్నిసార్లు అడిగానో, ఐదు నిమిషాలని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నమ్మి కొన్నది ఒక్కరోజూ లేదు. చేప కన్ను చూసి కొన్నాను, కొసరుగా వంజరం తలకాయి పుచ్చుకున్నాను.

దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"అతన్ని వదిలెయ్యి. వీళ్ళనీ వదిలెయ్యి. కొనేదాన్ని నేను అడుగుతున్నాను, నా మొహం చూసి చెప్పు. తట్టతో ఒడ్డు నుంచి ఆ స్టాపుకి ఎంతసేపే?"

నూకాలు నన్ను చూసింది. తరవాత ఫోనుని చూసింది. గేటు దగ్గర కేకేసే గొంతుతోనే, మహేశ్వరికే కాదు, అపార్టుమెంట్ల బాల్కనీల్లో వాళ్ళకి కూడా వినబడేలా చెప్పింది.

"ముప్పై నాలుగు నిమిసాలు. మూడు దింపులు. రాసుకో బాబూ, ముందు ఐదని సెప్పింది నూకాలే, అబద్దమాడినాదని కూడా రాసుకో. సేప మంచిదే, నడిసీదే ముసిలైపోనాది. ఇంక నువ్వు, పిన్నీ, రేపు నా తట్ట కాడ కూకోని బేరమాడినప్పుడు ఈ ముప్పై నాలుగు ఎత్తినావో, వంజరం తలకాయి మహేశ్వరికి ఇచ్చీత్తాను."